ఎవరు పెట్టారో తెలియదు

భోజనాలయ్యాక గదంతా కాస్త మగతగా ఉండే వేళ, సగం దించిన కిటికీ తెరల సందుల్లోంచి ఎండ బల్లల మీద చారలు చారలుగా పడుతుంటే, ఆమె బాబాయ్ పంపిన కోడ్ మార్పుని తెరిచి, తెరవగానే అలవాటుకొద్దీ అడుగుకి, కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో పరీక్షించే వరసల దగ్గరికి వెళ్లింది. చదవడం అడుగు నుంచి మొదలుపెట్టమని నేర్పింది ఆయనే. ముందు టెస్టులు చూడు తల్లీ, రాసినవాడు దేనికి భయపడ్డాడో అక్కడ తెలుస్తుంది, ఏం చేశాడన్నది తర్వాత చూద్దువుగాని, అనేవారు. అనేవారేమిటి, మనిషి నిక్షేపంలా అక్కడే ఉంటే! కిటికీ పక్క బల్ల దగ్గర, వీపు ఇటు పెట్టి, ఏసీ గాలికి మెడకి మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు. సొరుగు తెరిచారు. లోపలికి చూశారు. ఎందుకు తెరిచారో గుర్తు రానట్టు కాసేపు ఆగి మళ్లీ మూసేశారు. అదేం పెద్ద విషయం, సొరుగులు ఎవరైనా అలాగే తెరుస్తారు, మూస్తారు, ఆమె కూతురు బడి సంచీ భుజాన తగిలించుకునే నా సంచీ ఏదని ఇల్లంతా ఏకం చేస్తుంది. ఆమె చప్పున తల తిప్పుకుని తెరలోకి చూసింది, చూడకూడనిది చూసినట్టు.

బాబాయ్ అంటే చుట్టరికమేమీ కాదు. ఉద్యోగంలో చేరిన రోజున, బల్ల కింద దూరి వైర్లు సర్దుతున్న మనిషిని చూసి ఎలక్ట్రీషియన్ అనుకుని, బాబాయ్, పనిలో పనిగా నా నెత్తిమీది ఫ్యాను కూడా కాస్త చూద్దురూ, ఒకటే గీపెడుతోంది, అంది. ఆయన మారుమాట్లాడకుండా స్టూలు లాక్కుని, ఎక్కి, ఫ్యాను విప్పి, దాని గోల మాన్పించి, చేతులు దులుపుకుని, తిన్నగా పెద్దగదిలోకి నడిచి, కొత్తగా చేరినవాళ్లందరి ముందూ నిలబడి రెండరర్ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టారు. ఆమెకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. సాయంత్రం క్షమాపణ చెప్పబోతే, బాబాయే బాగుంది, సార్ అంటే నా వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసుకోవాలి, అన్నారు. ఆయన బాబాయ్ అయ్యాక వాళ్లావిడ పిన్ని కాక తప్పలేదు. పిన్ని అయ్యాక ఆవిడ ఊరుకోలేదు, ఆమె పురిటికి ఆస్పత్రిలో రెండు రాత్రులు కుర్చీలో కూర్చుని కాపలా కాసింది, పాపకి మొదటి జ్వరం వచ్చినప్పుడు ఫోన్లోనే భయం పోగొట్టింది. పిలుపులోంచి చుట్టరికం పుట్టడమంటే అదే.

రెండరర్ అంటే బొమ్మలు గీసే ప్రోగ్రాము. స్కాన్ యంత్రం మనిషి ఒంటిని ఉల్లిపాయ చక్రాల్లా పలచటి పొరలుగా చూపిస్తుంది; ఆ పొరలన్నిటినీ పేర్చి, అతికి, వెలుగునీడలు దిద్ది, ఇదీ ఎముక, ఇదీ గుండె అని డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసుకునేలా తెరమీద నిలబెట్టేది వీళ్ల రెండరర్. కత్తి పెట్టే ముందు డాక్టరు చూసే బొమ్మ ఇది, ఇది అబద్ధమాడితే ఆ పాపం ఎవరిదో ఆలోచించుకుని రాయండి, అని ఆయన ప్రతి కొత్తవాడికీ చిలక్కి చెప్పినట్టు చెబుతారు. ఆమె ఎక్కాలు వల్లెవేసుకుంటున్న రోజుల్లో ఆయన దీనికి పునాది వేశారు. ఆయన టెస్టు కోసం తయారుచేసిన మొదటి బొమ్మనే ఇప్పటికీ వాడుతున్నారు: ఒక బల్ల, దానిమీద స్టీలు గ్లాసు, పక్కన సగం తొక్క వలిచిన నారింజ, కాస్త వెనక్కి లాగిన కుర్చీ. కొత్త కోడ్ వచ్చినప్పుడల్లా రెండరర్ ఆ బల్లని మళ్లీ గీస్తుంది, పాత బొమ్మతో సరిపోతే పచ్చ గుర్తు, తేడా వస్తే ఎర్ర గుర్తు. అది పిన్ని వంటింటి బల్ల అని ఈ గదిలో ఇంకెవరికీ తెలియదు. "పండు సగం వలిచానో లేదో, ఆగాగు, కదపకు, వెలుతురు బాగా పడుతోంది అన్నారు. కొలతలు తీసీ తీసీ, ఆ పండు ఎండి గవ్వయిపోయేదాకా నన్ను తిననిస్తేనా!" అని పిన్ని ఇప్పటికీ చెప్పి చెప్పి నవ్వుతుంది. అప్పటి పిన్నికి ఆకలేస్తూనే ఉండి ఉంటుంది, కుర్చీ వెనక్కి లాగి ఆవిడ లేచిపోయి ఉంటుంది, ఆ కుర్చీ మాత్రం రోజూ అలాగే, అంతే దూరంలో, కొత్తగా గీయబడుతూ.

"అక్కా, పెద్దాయనది అయిందా?" కుర్ర మేనేజరు పక్కన నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. "నాలుగింటికి గేటు మూసేస్తున్నా. ఇవాళ లోపలికి వచ్చిన కోడే ఆస్పత్రులకి వెళ్లేది."

"చూస్తున్నా."

"ఆయన కోడ్‌లో చూసేదేముందక్కా, ఓకే కొట్టేయండి" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. పాపం, భక్తితోనే అన్నాడు.

మొదటి టెస్టు బాగుంది. రెండో టెస్టు మొదటిదే, పేరు మార్చి మళ్లీ రాసింది. ఆమె దాన్ని తీసేసింది. ఇది కొత్త కాదు. వానలు మొదలైనప్పటి నుంచీ ఆయన కోడ్‌లో ఇలాంటివి కనబడుతున్నాయి: ఒకచోట మొదలుపెట్టి వదిలేసిన వాక్యం, నిన్న చేర్చి ఇవాళ మళ్లీ చేర్చిన వరస, ఎక్కడా వాడని పేరు. ఆయన రాసింది చదివి సరే అనాల్సింది, అంటే రివ్యూ చేసేది, ఆమే కాబట్టి, కంట్లో నలుసు తీసినంత మెల్లగా వాటిని తీసి, సరిచేసి, ఓకే అని పంపేస్తోంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెబుతుంది, ఏమని చెబుతుంది? రిటైరవ్వాల్సిన వయసు దాటినా, మీరు లేకపోతే ఎలా అని కంపెనీయే బతిమాలి ఉంచుకుంది, ఆయనకి ఈ బల్ల, ఈ కిటికీ, ఈ వరసలు తప్ప వేరే లోకం లేదు, ఒక్క మాట బయటికి పొక్కితే పొమ్మనలేక పొగబెడతారు. అందుకని సర్దింది. సర్దిన ప్రతిసారీ గుండెలో ఎక్కడో వెచ్చగా కూడా ఉండేది, నిద్రలో జారిపోయిన దుప్పటి మళ్లీ కప్పినట్టు.

మూడో టెస్టు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. స్కాన్‌లో ఒక పొర తప్పిపోతే రెండరర్ ఎర్రర్ అని అరవాలి, అరిచిందో లేదో టెస్టు చూడాలి, ఇంతే కావలసింది. ఆయన రాసిందేమిటంటే, ఏ ఎర్రర్ వచ్చినా పట్టుకో, ఏమీ అనకుండా పక్కన పెట్టు, టెస్టు నెగ్గిందని చెప్పు. పడ్డ పిల్లాడి నోరు నొక్కేసి, ఏడవలేదుగా, దెబ్బ తగల్లేదు అన్నట్టుంది. అలా ఎవరైనా రాస్తే ఆయన ఊరుకునేవారా, బల్ల దగ్గరికి పిలిపించి, ఏం నాయనా, ఎవరి నోరు నొక్కుతున్నావు, అని అడిగేవారు. నోరు నొక్కడం అనగానే ఆమెకు పిన్ని ఫోను గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఎంత తోసినా. మీ బాబాయ్ కూరగాయలకని వెళ్లి బండి ఎక్కడ పెట్టారో మరిచిపోయి బజారంతా తిరిగారటమ్మా, బండి పోయిందనుకుని స్టేషనుకి కూడా వెళ్లబోయారట, మీ ఆఫీసులో ఎలా ఉంటున్నారు, బాగానే ఉంటున్నారా, నువ్వు బాగున్నారంటే నాకింక బెంగ లేదు. ఆమె ఏమంది? "మాకంటే చురుగ్గా ఉన్నారు పిన్నీ, ఊరికే కంగారుపడకండి" అంది. అవతల పిన్ని ఊపిరి వదలడం వినిపించింది. హమ్మయ్య, అంది ఆవిడ. ఆ హమ్మయ్య చెవిలో అలాగే ఉండిపోయింది, పాపని బడిలో దింపుతున్నా, గిన్నెలు తోముతున్నా.

టెస్టులు వదిలి పైకి, అసలు కోడ్‌లోకి వచ్చింది. అక్కడ గులాబీ రంగు లేదు.

ముందు తనే పొరబడ్డాననుకుంది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. పొర తప్పిపోయిన చోట రెండరర్ ముదురు గులాబీ రంగు పులిమేది, మనిషి ఒంట్లో ఎక్కడా ఉండని, గాజుల దుకాణంలో తప్ప చూడని రంగు, ఎంత అలసిపోయిన డాక్టరైనా ఇదేమిటీ అని ఉలిక్కిపడే రంగు. ఇప్పుడు దాని బదులు, అటూ ఇటూ ఉన్న పొరల రంగు తీసుకుని ఆ ఖాళీ నింపెయ్యమని రాసి ఉంది. అంటే ఎముక విరిగిన చోటే పొర పోతే, రెండరర్ అటు చూసి ఇటు చూసి, చక్కగా, నున్నగా, విరగని ఎముక గీసేస్తుంది. పైన ఆయనే ఒక ముక్క రాసి పెట్టారు: "ఇక్కడ ఈ గులాబీ రంగు ఎందుకో, ఎవరు పెట్టారో తెలియదు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది. తీసేస్తున్నాను."

ఏ వరస ఎవరు రాశారో చూపించే మీట ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కాల్సిన పని ఆమెకు లేదు, అయినా నొక్కింది. గులాబీ వరసలన్నిటి పక్కనా ఒకటే పేరు, ఆయనది.

అప్పటిదాకా వయసు అనుకోవచ్చు, పరాకు అనుకోవచ్చు, మనిషన్నాక మరుపు లేకపోతే ఎలా అనుకోవచ్చు. కాని ఈ రంగు ఆయనకి బిడ్డలాంటిది. చేరిన కొత్తలో ఒక సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, వాన వెలిసేదాకా ఆగుదామని ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడితే ఆయనే చెప్పారు దాని కథ. చెప్పి, ఎవరికీ చెప్పకేం, అన్నారు, చెడ్డపని చేసినట్టు. ఆ రోజు ఆయన గొంతు, ఆ తడి మెట్లు, ఆయన గొడుగు అంచు నుంచి ఆమె చెప్పు మీద పడుతున్న చుక్క, అన్నీ ఆమె దగ్గర ఉన్నాయి, ఆయన దగ్గర లేవు. ఆయన జ్ఞాపకం ఇప్పుడు తన తలలోనే ఉంది. చేతిలో వేరే వాళ్ల పసిబిడ్డని పెట్టి వెళ్లిపోయినట్టుంది, కింద పెట్టడానికీ లేదు, ఎవరికివ్వాలో తెలియదు.

చేతులు వాటి పని అవి మొదలుపెట్టేశాయి. పాత గులాబీ వరసలు తెచ్చి అతికించింది, టెస్టు తిరగరాసింది, నాలుగింటికి ఇంకా బోలెడు టైముంది, ఆ ముక్క చెరిపేస్తే ఎవడికీ తెలియదు, బాబాయ్ ఇంటికి వెళ్తారు, పిన్ని అన్నం పెడుతుంది, రేపు మళ్లీ ఈ కిటికీ, ఈ వెలుతురు. ఓకే మీద వేలు పెట్టింది. పెట్టి నొక్కలేదు, ఎందుకంటే ఎక్కడి నుంచి వచ్చిందో, ఆమె రాసిన మొట్టమొదటి కోడ్ గుర్తొచ్చింది. ఆయన దాన్ని తెర నిండా ఎర్రటి వ్యాఖ్యలతో వెనక్కి తిప్పికొట్టారు. ఆమె బాత్రూములోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేసరికి బల్ల దగ్గర టీ పట్టుకుని నిలబడ్డారు. "వెనక్కి పంపానంటే నువ్వు మళ్లీ రాయగలవని. రాయలేరనుకున్న వాళ్లది నేనే సర్దేసి ఊరుకుంటా తల్లీ, వాళ్లతో నాకు మాటెందుకు" అన్నారు. అప్పుడు ఆ టీ తప్ప ఆ మాట ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. ఇన్నాళ్లూ దుప్పటి కప్పుతున్నాననుకుంది. మాటెందుకు అనుకునే వాళ్ల జాబితాలో, ఒక్క ముక్క చెప్పకుండా, ఆయన్ని చేర్చేసింది.

తాను చేసిన దిద్దుబాట్లన్నీ తీసేసింది. వ్యాఖ్య రాద్దామని కూర్చుంది. ఇది మీరే పెట్టారు బాబాయ్, అని రాసి చెరిపేసింది. ఒకసారి చూడగలరా, అని రాసి, పరాయివాళ్లకి రాసినట్టుందని చెరిపేసింది. కక్కలేక మింగలేక కాసేపు తెరమీద ఆరి వెలుగుతున్న గీత వంక చూసి, లేచి, కుర్చీ లాక్కుంటూ కిటికీ దగ్గరికి నడిచింది. కుర్చీ చక్రం ఒకటి కిర్రుమంటోంది. అందరూ చూస్తున్నట్టు అనిపించింది గాని ఎవరూ చూడలేదు.

"బాబాయ్."

"ఊఁ, అయిందా? ఆ అబ్బాయి గేటు మూసేస్తాట్ట."

"చూశాను. వెనక్కి పంపుతున్నాను."

ఆయన కుర్చీ తిప్పి ఆమె మొహంలోకి చూశారు. నొచ్చుకుంటారనుకుంది, కోప్పడతారనుకుంది, ఆ రెంటికీ సిద్ధపడే వచ్చింది. ఆయన భుజాలు మెల్లగా దిగాయి, ఎవరో వచ్చి చేతిలో బరువు అందుకున్నట్టు.

"ఇప్పటికి పంపావు" అన్నారు. "ఈమధ్య నా కోడ్ నేను రాసినదానికంటే బాగా వెళ్తోంది. నాకు అనుమానం రాదా? మొదట నేనే దిద్దానేమో, దిద్ది మరిచిపోయానేమో అనుకున్నా. అదే పెద్ద భయమైపోయింది తల్లీ. ఏది నేను మరిచిపోయిందో, ఏది నువ్వు దాచిందో తెలియలా."

ఇది ఆమె అనుకోనేలేదు. ఆయన్ని కాపాడుతూ కాపాడుతూ, చీకట్లో గోడ తడుముకునే మనిషికి ఆ గోడే జరిపేసిందన్నమాట.

"తప్పయిపోయింది బాబాయ్."

"సరే, అది తర్వాత తిడతాలే. ఏం చేశానీసారి?"

చూపించింది. ఆయన ముందుకి వంగి, తను రాసిన ముక్క తనే పైకి చదివారు, ఎవరు పెట్టారో తెలియదు, అని. తర్వాత ఆమె చూపించిన పేరు చదివారు. "గులాబీ రంగా?" అన్నారు చిన్నగా. "నేనా?"

అప్పుడామె ఆయన కథ ఆయనకే చెప్పింది. మొదట్లో రెండరర్ పొర లేనిచోట నల్లగా వదిలేసేదనీ, ఒక చిన్నపిల్ల పుర్రె బొమ్మలో ఆ నలుపుని డాక్టరమ్మ నీడ అనుకుందనీ, ఆ తెల్లారి ఆస్పత్రి నుంచి ఫోనొస్తే మీరు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారనీ, వచ్చి ఇంకెప్పుడూ ఎవరూ పొరబడకుండా ఉండాలని లోకంలో ఉన్న రంగులన్నీ వెతికి ఇది పెట్టారనీ. ఆయన పిల్లలు కథ విన్నట్టు విన్నారు, మధ్యలో ఆపి, "ఆ పాపకేం కాలేదు కదా?" అని అడిగారు, గొంతులో నిజమైన కంగారుతో.

"ఏం కాలేదు. డాక్టరమ్మకే అనుమానం వచ్చి మళ్లీ స్కాన్ తీయించింది. మీరే చెప్పారు నాకు, మెట్ల దగ్గర."

"ఎవడో గాని బుద్ధిమంతుడే" అన్నారాయన. నవ్వారు. నవ్వుతూనే మఫ్లరు కొసతో కళ్లు ఒత్తుకున్నారు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది, ఆయన ఒత్తుకోవడం అయ్యేదాకా. కింద వీధిలో ఎవరో నిచ్చెన మోసుకుపోతున్నారు, ముందొకరు వెనకొకరు, మలుపు దగ్గర ముందువాడు ఆగి వెనకవాణ్ణి తిరగనిస్తున్నాడు.

"పిన్నికి తెలుసా?"

"దానికి తెలుసు. దానికి తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని దానికే తెలియదు."

"నేను పిన్నికి అబద్ధం చెప్పాను బాబాయ్. మీరు బాగున్నారని."

"అయితే సాయంత్రం ఇంటికి రా. నీ అబద్ధం నువ్వు చెప్పుకో, నేను దాచింది నేను చెబుతా. డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్దాం. ఎవరు ముందు ఏడిస్తే టీ వాళ్లు పెట్టాలి." ఫోన్ తీసి తనే కలిపారు. "నేనే. అమ్మాయిని వెంటబెట్టుకొస్తున్నా. లేదులే, ఏం కాలేదు." ఆగారు. ఆమె వైపు చూశారు. "కాదు, అయింది. వచ్చి చెబుతా. కూర్చుని విందువుగాని" అని పెట్టేశారు.

తర్వాత ఆయన తెర తనవైపు తిప్పుకుని, కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. ఆమె పక్కనే కుర్చీలో, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, వాటిని నమ్మలేక. ఆయన ఒక వరస రాశారు. ఆగారు. సగంలో ఏదో జారిపోయింది, ఆమెకి తెలుస్తోంది ఏది జారిపోయిందో, నాలుక చివరే ఉంది. "చెప్పకు" అన్నారాయన చూడకుండానే. ఆమె చెప్పలేదు. ఎండ చారలు బల్ల మీంచి జరిగి ఆయన మణికట్టు మీదికి వచ్చాయి. ఆయన పెదాలు కదుపుతూ పై వరస మొదటి నుంచి మళ్లీ చదువుకున్నారు, వేలు పెట్టి, బడిపిల్లాడిలా, ఒక్కొక్క మాటే, ఆ చివరికొచ్చి ఆహా అన్నారు, రాశారు, ఇంకోటి మరిచిపోయారు, అప్పుడు మాత్రం "ఇది నువ్వు చెప్పు" అన్నారు, ఆమె చెప్పింది, ఆయన రాశారు.

"అక్కా, గేటు మూసేస్తున్నా" కుర్ర మేనేజరు అటునుంచి కేకేశాడు. "పెద్దాయనది వస్తోందా?"

"ఈసారికి వెళ్లదు" అంది ఆమె, అందరికీ వినబడేలా. "ఇంకా రాస్తున్నారు."